బడాబాజాకు ఒక పెట్టె

వాద్యాలను గూర్చి వ్రాసినవారు మనలో చాలామంది ఉన్నారు. వాద్యాన్ని దాచే పెట్టెను గూర్చి వ్రాసినవారు నాకు తారసపడలేదు. అందుకు కారణం లేకపోలేదు. వీణకు గుడ్డ గలేబు తొడుగుతాం. మృదంగానికి సంచి కుడతాం. సన్నాయిని ఒరలో దూర్చి, చంకన పెట్టుకొని పొరుగూరి పెళ్ళికి పోతాం. ఇవన్నీ మనిషి వెంట మనిషి వలెనే ప్రయాణం చేసే వాద్యాలు. ఒళ్ళో పెట్టుకొన్నా, రైలులో పై బల్లమీద పడుకోబెట్టినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. అట్లా ప్రయాణం చేయలేని వాద్యం ఒకటున్నది. పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళం వెనుక వరుసన, బలిష్ఠుడైన మనిషి ఒకడు పొట్టకు ఆనించుకొని, తాళానికొక మారు చొప్పున 'భోఁ, భోఁ' అనిపిస్తూ నడిచే పెద్ద ఇత్తడి బూర అది. పాశ్చాత్యులు దానిని ట్యూబా అంటారు. మన బ్యాండువారు బాసు అంటారు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో దాని పేరు బడాబాజా.

వాద్యాల వంశంలో ఇది నిన్నమొన్న పుట్టినది. 1835 సెప్టెంబరు 12న ప్రష్యా రాజ్యంలో వీప్రెక్ట్ అనే సైనిక బ్యాండు నాయకుడు, మోరిట్జ్ అనే వాద్యనిర్మాత కలిసి దీనికి పేటెంటు పొందారు. ఆరుబయట కవాతు చేసే సేనకు మంద్రస్థాయి బలంగా వినిపించవలె ననేది వారి ఉద్దేశం. ఇ-ఫ్లాట్ శ్రుతి కలిగిన బాసు చుట్టలన్నీ విప్పి నేలమీద పరిస్తే సుమారు 13 అడుగుల గొట్టం అవుతుంది. అంతకంటె పెద్దదైన బి-ఫ్లాట్ బాసు 18 అడుగులు. ఇంగ్లీషు పటాలాల వెంట ఇది మన కంటోన్మెంటులకు వచ్చింది. కంటోన్మెంటుల నుండి పెళ్ళిపందిళ్ళకు వచ్చింది. మీరట్‌లో 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ మొదలుకొని ఆ నగరపు ఇత్తడివాద్యాల కార్ఖానాలు ఉత్తరదేశపు బ్యాండులకు బూరలు చేసి ఇస్తూ వచ్చినవి. వారు చేసిన బాసులకు మాతృకలు ఇంగ్లీషు సైనిక బ్యాండుల బాసులే. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలె. ముందు దీనితో పని ఉన్నది.

మా ఊరి సంగతి కూడా నాలుగు మాటలు చెప్పక తప్పదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కర్మాగారం పెట్టినప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి తెలుగువారు వేలకొలది వచ్చి ఇక్కడ ఫిట్టర్లు, బాయిలర్ పనివారు, వడ్రంగులు, ఖలాసీలు అయినారు. 1927లో ఈ కార్మికులు సమ్మె చేసినప్పుడు నాయకత్వం వహించినవారిలో ముఖ్యులైన వి. వి. గిరిగారు కూడా తెలుగువారే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును ఆ రాష్ట్రపు అధికార భాషలలో చేర్చడానికి ఆమోదం తెలిపిందంటే, అది ముఖ్యంగా ఈ ఊరి జనాన్ని చూసే. ఆ జనమంతా ఉప్పూపప్పూ కొనుక్కునే చోటు గోల్‌బజార్. హిందీలో 'గోల్' అంటే గుండ్రనిది. మా చిన్నతనంలో తెలుగు పిల్లలకు ఆ అర్థం తెలియదు. అక్కడ ఎప్పుడూ గోలగా ఉంటుంది కనుక గోలబజారనే మేమందరం అనుకునేవాళ్ళం. నేను హిందీలో ఎం. ఏ. చదివి, ముప్ఫై ఏళ్ళుగా హిందీ గ్రంథాలను తెలుగు చేస్తూ పొట్టపోసుకుంటున్నాను. ఇప్పటికీ ఆ రెండర్థాలలో తెలుగర్థమే బజారుకు ఎక్కువ నప్పుతుందని నా అభిప్రాయం.

బడాబాజా గలవారు మా వీధిలో ఒకరే ఉన్నారు. మా నాన్నగారితోపాటు కర్మాగారంలో పనిచేసిన పెద్ద ఫిట్టరు. నాకు బాబాయి వరుస; ఎనభై రెండేళ్ళ వారు. పగలు ఇంజను బేరింగులు గీకి సరిచేసి, సాయంత్రాలు మాతాపూజ ఊరేగింపులలోనూ, పెళ్ళిళ్ళలోనూ, క్రైస్తవ సోదరుల అంత్యయాత్రలలోనూ నలభై ఏళ్ళు బాసు ఊదినారు. ఆరేళ్ళనాడు ఉబ్బసం పట్టుకొని ఊపిరి చాలకపోయింది. నాటినుండి ఆ వాద్యం ఆయన మంచం పక్కనే ముక్కాలిపీట మీద నోరు పైకెత్తుకొని నిలబడి ఉన్నది. మూడు పిస్టన్లు, ఎత్తు 33 అంగుళాలు, నోటి వెడల్పు 15. మనుమడు రోజూ సాయంత్రం ఒక అరగంట ఊదేవాడు. బాబాయి కళ్ళు మూసుకొని, కుడిచేతి మూడు వేళ్ళు దుప్పటిమీద నొక్కుతూ వినేవారు.

ఆ మనుమడికి విశాఖపట్నంలో ఒక బడి బ్యాండుకు శిక్షకుడుగా పని దొరికింది. బడిలో డప్పులున్నవి, ట్రంపెట్లున్నవి, బాసు లేదు. ఉంటే తెచ్చుకొమ్మన్నారు. చేరవలసిన తేదీకి ఏడు వారాల వ్యవధి ఉన్నది.

"తీసుకుపోరా, వద్దన్నానేటి? కాని దానికో ఇల్లుండాల. ఇల్లు లేకండా నాను గడప దాటనివ్వను" అన్నారు బాబాయి.

ఆ పట్టుదలకు కారణం నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రిందట బాసును గోనెపట్టాలో చుట్టి ఒక పెళ్ళికి రైలులో పంపితే, దానిమీద ఎవరిదో ఇనుపసామాను పడి, నోటి అంచు తమలపాకు మడిచినట్లు మడతపడింది. బాబాయి నాలుగు ఆదివారాలు కూర్చొని, లోపల నున్నని ఇనుపగుండు ఆనించి, బయటినుండి కర్రసుత్తితో తట్టి ఆ మడత విప్పినారు. కంటికి కనబడదు గాని, వేలు పెట్టి నిమిరితే ఈనాటికీ తెలుస్తుంది.

రైలులో మనిషితోపాటు తీసుకుపోవచ్చును గదా అనేవారికి రైల్వే నిబంధన చెప్పవలసి ఉంటుంది. ప్రయాణికుడు తనవెంట పెట్టెలో పెట్టుకొనే ట్రంకు 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు మించరాదు. బాసుకు పొడవుతోనూ వెడల్పుతోనూ పేచీ లేదు. పొట్ట దగ్గర పేచీ. ఏ పెట్టెలో పెట్టినా 25 సెంటీమీటర్లు దాటిపోతుంది. కనుక బ్రేకుబండిలో వేయవలసిందే. బ్రేకుబండిలో మనిషి కన్ను ఉండదు. మూటలమీద మూటలు పడుతవి. గుడ్డ సంచి అక్కడ పనికిరాదు. చెక్కతో గాని, గట్టి ఫైబరుతో గాని చేసి, లోపల మెత్త పరిచిన పెట్టె కావలె.

క్రొత్త పెట్టెకు కలకత్తాలో ధర అడిగాము. ఆ సొమ్ముకు మరికొంచెం కలిపితే పాత బాసు ఒకటి వస్తుంది. పాత పెట్టెల కోసం లాల్‌బజార్ ప్రక్కనున్న రవీంద్ర సరణి వాద్యాల దుకాణాలన్నీ తిరిగాము. మహాత్మాగాంధీ రోడ్డులోని బ్యాండు కంపెనీల గుమ్మాలు ఎక్కి దిగాము. అక్కడ నాకొక సంగతి బోధపడింది. ఈ దేశంలో బాసులున్నవి గాని వాటి పెట్టెలు లేవు. బ్యాండువారు బాసును మేకుకు వ్రేలాడగడతారు. పనిరోజున భుజాన వేసుకొని నడిచిపోతారు. పెట్టె అనేది పటాలం సామాను. పెళ్ళి బ్యాండుకు దానితో అవసరం లేదు. ఎక్కడో ఒకటి వచ్చినా ముందు చచ్చేది పెట్టెయే. ఇత్తడి నూరేళ్ళు నిలుస్తుంది. చెక్కపొరల మధ్య జిగురు బెంగాలు వానలకు ఎన్నాళ్ళు నిలుస్తుంది? చెద పడుతుంది, గొళ్ళేలు తుప్పు తింటవి, చేతిపిడి మేకులతో సహా ఊడి వస్తుంది. బాసు లేని పెట్టెను ఎవరూ దాచరు.

అయినా ఒకటి రెండు దొరకకపోలేదు. మొదటిది గోల్‌బజార్‌లోని ట్రంకుపెట్టెల దుకాణంవాడు చేసి ఇస్తానన్న రేకుపెట్టె. గార్డులకూ డ్రైవర్లకూ లైనుపెట్టెలు చేసి ఇచ్చిన వంశం అతనిది. బాబాయి ఆ రేకును గోటితో మీటి చూసి, "బట్టలకి బాగుంటాది. ఇత్తడిని రేకులో పెడితే రెండూ కొట్టుకుంటాయి" అన్నారు. రెండవది కలకత్తా నుండి తెచ్చి చూపిన ఫైబరు పెట్టె. దానిలో పిస్టన్లు ముందువైపు ఉండే బాసు పట్టేది; మనది పిస్టన్లు పైకి ఉండే రకం. మూత వేస్తే పిస్టన్ల నెత్తిన కూర్చుంటుంది. అది వద్దన్నది న్యాయమే. మూడవది మరీ పెద్దది. పిల్లవాడు తండ్రి చొక్కా తొడుక్కున్నట్లు బాసు అందులో అటూ ఇటూ దొర్లింది. దూది కుక్కి బిగిద్దామన్నాను. "కుక్కితే రైలు కుదుపుకి దూది అణిగిపోద్ది బాబూ. మళ్ళీ దొర్లుద్ది" అన్నారు. నాలుగవ దానికి వాసన ఉన్నదన్నారు. ఎండలో వేస్తే పోతుందని మనుమడు అంటే, "ఆ వాసన చెక్కలోది, పోదు" అని ముఖం గోడవైపు త్రిప్పుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే నాకొక అనుమానం తగిలింది. ఐదు వారాలు గడిచినవి. ఆయన చెప్పిన వంకలన్నీ సరియైనవే, ఒక్కటి కూడా కల్పితం కాదు. కాని సరియైన వంకలు ఇన్ని దొరకడమే నాకు వింతగా తోచింది. బాసు ఆ గది విడిచిపోతే, సాయంత్రం అరగంట ఆ ఇంట్లో ఏమి వినబడుతుంది? ఇది నేను ఆయనను అడగలేదు. మనుమడు కూడా అడగలేదు గాని, వాడు ఉద్యోగానికి బాసు లేకుండానే వెళ్ళిపోతానని రెండుమార్లు అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా ముసలాయన, "ఎదుకుదాం, ఎదుకుదాం. తొందరేటి?" అనేవారు.

పెట్టె దొరికింది గోల్‌బజార్‌లోనే. పందిళ్ళు, దీపాలు అద్దెకిచ్చే ఒక దుకాణంలో రంగుదీపాల తీగలు దాచుకొనే పాత నల్లపెట్టె. నేను అక్కడికి పోయింది మరొక పనిమీద. పెట్టె ఒక కొస సన్నగా, మరొక కొస వెడల్పుగా, పీపా కాదు, శవపేటిక కాదు, ఏదో జంతువు పడుకొని లేచిపోయిన ఆకారంలో ఉన్నది. తీగలు తీయించి చూస్తే లోపల ముదురెరుపు మఖమలు, దానిలో గంట ఆకారంలో ఒక గుంట, ప్రక్కన మూడు పిస్టన్లకు సరిపడే చోటు! దుకాణదారు తండ్రి రైల్వే కాలనీ విడిచిపోతున్న ఒక ఆంగ్లో-ఇండియన్ కుటుంబం వద్ద ఇతర సామానుతోపాటు దానిని కొన్నాడట. వాద్యం ఏమైనదో అతనికి తెలియదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో నృత్యాలు జరిగిన రోజులు, బెంగాల్ నాగపూర్ రైల్వేకు సొంత స్వచ్ఛంద సైనికదళం ఉండిన రోజులు ఈ ఊరు చూసింది. 1947తో ఆ దళం పోయింది. తరువాత ఆ కుటుంబాలు ఒకటొకటిగా సముద్రాలు దాటిపోయినవి. పెట్టెమీద ఒక ఇంగ్లీషు కంపెనీ ముద్ర సగం చెరిగి ఉన్నది.

నేను జేబులోని కొలతల కాగితం తీసి, టేపు అడిగాను. దుకాణదారు నవ్వి, "నాప్ కర్ క్యా హోగా బాబూజీ, బిఠాకర్ దేఖియే" అన్నాడు. కొలిస్తే ఏమవుతుంది, కూర్చోబెట్టి చూడండి అని. రిక్షాబండిలో పెట్టెను బాబాయి ఇంటికి చేర్చి మూత తీసేసరికి ఆయన ముందుకు వంగి చూసి, మనుమడితో, "కొలతలొద్దురా, కూకోబెట్టు, కూకుంటాదేమో సూద్దాం" అన్నారు. ఒక భాషలో చెప్పిన మాట మరొక భాషలో ఆ మాటగానే, ఆ ధాతువుతోనే, అడగకుండా వచ్చి నిలబడటం నా వృత్తిలో సంవత్సరానికి ఒకమారు జరిగితే గొప్ప. సరిపోవడాన్ని హిందీవాడూ 'బైఠ్‌నా' అంటాడు, తెలుగు వడ్రంగీ 'కూర్చోవడం' అంటాడు. తలుపు చట్రంలో కూర్చుంటుంది. రాయి ఉంగరంలో కూర్చుంటుంది.

బాసు దానిలో దిగింది. కాని దిగడం వేరు, కూర్చోవడం వేరు. బాబాయి అంత తేలికగా ఒప్పుకొనే మనిషి కారు. కర్మాగారంలో బేరింగు సరిగా ఆనుతున్నదో లేదో చూడటానికి ఇరుసుకు నీలిరంగు పలుచగా పూసి త్రిప్పేవారట. రంగు అంటినచోట ఆనుతున్నట్లు, అంటని చోట ఖాళీ ఉన్నట్లు. ఆయన కోడలిని పిలిచి ముగ్గుపిండి తెమ్మన్నారు. ఇత్తడినిండా పిండి అద్దించి, బాసును పెట్టెలో పెట్టించి, మూత వేయించి, నలుగురిచేత పెట్టెను ఉయ్యాల ఊపినట్లు ఊపించారు. తరువాత బాసును మెల్లగా ఎత్తించి, ఎర్ర మఖమలు మీద తెల్లని మచ్చలు ఎక్కడెక్కడ పడినవో వేలితో చూపుతూ చదివినారు.

ఆ చదువు నేను శ్రద్ధగా విన్నాను. బాసు అడుగున పెద్ద వంపు ఉన్నది గదా, అక్కడ మచ్చ పడవలె, పడింది. నోటికి దిగువన, గంట సన్నబడే మెడ దగ్గర పడవలె. అక్కడ ఒకవైపే పడింది. నోటి అంచు దగ్గర పడరాదు, పడలేదు. "నోరు గాలిలో ఉండాల. బరువంతా మెడమీద, పిర్రమీద ఉండాల. నోరు గోడకి ఆనిందా, పెట్టె కిందపడ్డ రోజున దెబ్బ నోటికే" అన్నారు. పిస్టన్ల నెత్తిన మూత ఆనలేదు. ఊదే గొట్టం ఉండే ప్రక్క ఒక అంగుళం ఖాళీ ఉన్నది. అది ఉంటేనే మంచిదట. అన్నిచోట్లా అంటుకొని బిగిసిన పెట్టె ఆయన లెక్కలో మంచి పెట్టె కాదు. అట్టిదానిలో బయటి దెబ్బ ప్రతిదీ లోపలికి పోతుంది. బరువు మోయవలసిన నాలుగుచోట్ల గట్టిగా ఆని, తక్కినచోట్ల విడిచిపెట్టినదే మంచిది. ముప్ఫై ఏళ్ళుగా నేను మాటకు మాట అంటించడానికి పడ్డ పాట్లు కొన్ని ఆ క్షణాన జ్ఞాపకం వచ్చినవని చెబితే పాఠకులు నవ్వరనుకుంటాను.

ఇంగ్లండులో ఎవరి బాసుకో చేసిన పెట్టెలో మీరట్ బాసు ఇంతగా ఒదగడం చూసి మనుమడు అదృష్టమన్నాడు. నేనట్లా అనుకోను. మాతృక ఒకటైనప్పుడు నకలు ఆ గుంటలో ఒదగడం సహజం. ఒదగని ఆ ఒక్కవైపు మెడ దగ్గరనే మీరట్ కమ్మరి తన చేతివాటం చూపినట్లున్నాడు. అక్కడ మన బాసు మెడ వేలెడంత సన్నం.

ఆ వేలెడు ఖాళీకి ఏమి పెట్టవలెననే ప్రశ్న వచ్చింది. గోల్‌బజార్‌లో రజాయిలు కుట్టే వృద్ధుడు ఒకడు వచ్చి చూసి, దూది అణుగుతుంది, రబ్బరునురగ ఎండకు పొడి అవుతుంది, పాత నేతచీర మడతలు పెట్టి కుట్టితే రెండూ కావు అన్నాడు. బాబాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత గోడబీరువావైపు చేయి చూపి, కోడలితో, "మీ అత్తది ఆ గళ్ళ చీర తియ్యమ్మా" అన్నారు. పిన్ని పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ చీరను ఎనిమిది మడతలు వేసి, మఖమలు క్రింద దూర్చి, కనబడకుండా కుట్టుకుట్టి ఆ వృద్ధుడు నూరు రూపాయలు పుచ్చుకున్నాడు. పెట్టెకు దుకాణదారు రెండువేలడిగి పధ్నాలుగు వందలకు ఇచ్చాడు. గొళ్ళేలు రెండు క్రొత్తవి వేయించాము. పిడి మేకులు తీసి, చెక్క ఆరపార మరలు బిగించాము. మూడు రోజులు ఎండలో పెట్టి, కర్పూరం వేసి, చీకటి చెక్కవాసన చాలావరకు పోగొట్టాము.

మళ్ళీ ముగ్గుపిండి అద్ది ఊపి చూస్తే మెడకు రెండువైపులా సమానంగా మచ్చలు పడినవి. మూత బలవంతం లేకుండా దానంతటది దిగింది. చెవి పెట్టి విన్నారు బాబాయి. లోపల చప్పుడు లేదు. ఆయన చేయి పెట్టెమీద అట్లాగే ఉన్నది. వంక చెప్పడానికి ఇంకేమీ మిగలలేదు. చాలాసేపటికి మనుమడివైపు చూసి, "పిస్టన్లకి నూనె మరిసిపోకు. నెలకోపాలి ఇప్పి తుడు" అన్నారు. ఆ రాత్రి వాడిచేత రెండు గంటలు ఊదించుకున్నారని మరునాడు వీధివారు చెప్పారు, ఎవరూ విసుక్కోలేదు.

ప్రయాణపు రోజున ఆయన స్టేషనుకు వస్తానని పట్టుబట్టారు. 1,072 మీటర్ల మా ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని ప్రసిద్ధి. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయినవి. పెట్టె మోసేవారికి మాత్రం మాదే ఇంకా పొడవు. సామాను కార్యాలయంలో గుమాస్తా కాటామీద పెట్టించి, ఇందులో ఏమున్నదని అడిగాడు. మనుమడు ట్యూబా అన్నాడు. గుమాస్తాకు అర్థం కాలేదు. నేను బాజా అన్నాను. అతడు ఆ మాటనే వ్రాసుకొని, పగిలే వస్తువైతే పైన వ్రాసి పెట్టమని ఒక సుద్దముక్క ఇచ్చాడు.

అటువంటి పనికి నావంటివాడే తగునని అందరూ నావైపు చూశారు. 'సావధాన్' అని హిందీలో వ్రాశాను. బెంగాలీలోనూ ఒడియాలోనూ కొద్ది ఉచ్చారణభేదంతో అదే మాట. తెలుగులోకి వచ్చేసరికి ఆగాను. మనకు సావధానం అంటే తొందర లేకపోవడం, చెవి ఒగ్గి వినడం. 'జాగ్రత్త' అని మొదలుపెట్టేసరికి బాబాయి నా చేయి పట్టుకొని, "జాగర్త అంటే ఎవుడూ ఇనడు బాబూ. మెల్లగా దించండి అని రాయి" అన్నారు.

తెలుగులో అట్లాగే వ్రాశాను. తక్కిన భాషలలో ఏమి వ్రాశానో ఆయన అడగలేదు.